“నాకిష్టమయ్యే వెళ్తున్నా అత్తా” అంటోంది

ప్రశ్న: మా అన్నయ్య కూతురికి 17 ఏళ్లు. వాళ్లమ్మతో పడదు, ఏదున్నా నాతోనే చెప్పుకుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన ఒకతను విదేశంలో పెద్ద హోటల్లో రిసెప్షనిస్టు ఉద్యోగం ఇప్పిస్తాడట. టికెట్టూ వీసా ఖర్చూ తనదేనట. “ఇంట్లో అప్పుడే చెప్పకు, అడ్డుపడతారు” అన్నాడట. నేను భయపడుతుంటే “నన్నెవరూ బలవంతం చెయ్యట్లేదు, నాకిష్టమయ్యే వెళ్తున్నా అత్తా” అంటోంది. ఫోన్ లాక్కుని అన్నయ్యకి చెప్పెయ్యనా?
- ఒక మేనత్త

జవాబు: అన్నయ్యకి చెప్పండి, ఫోన్ మాత్రం లాక్కోకండి. నేను చాలాకాలం ఆడపిల్లల షెల్టర్ హోమ్‌లో కౌన్సెలర్‌గా చేశాను. “ముందే ఇంట్లో ఎందుకు చెప్పలేదమ్మా?” అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు “తిడతారని, ఫోన్ తీసేసుకుంటారని”. మీరు లాక్కున్న మర్నాడే వాడు ఇంకో ఫోన్ పంపిస్తాడు. ఆ తర్వాత ఆ పిల్ల మీతో కూడా మాట్లాడదు. వాడికి కావలసింది అదే.

వాడెవడో నాకు తెలీదు. కానీ “ఇంట్లో చెప్పకు” అన్న ఒక్క మాట చాలు నాకు. నిజంగా ఉద్యోగమిచ్చేవాడికి, అందులోనూ మైనరుకి ఇచ్చేవాడికి, తల్లిదండ్రుల దగ్గర దాపరికం ఎందుకు? ఇలాంటివాళ్లు రౌడీల్లా ఉంటారనుకుంటాం. నేను విన్న కథల్లో చాలామంది ఓపిగ్గా మాట వినేవాళ్లే. కొన్నింట్లో ఆడవాళ్లు, సొంత బంధువులు కూడా. ఇంట్లో ఎవరితో పడట్లేదో ముందు కనుక్కుని, “నిన్ను నేనొక్కడినే అర్థం చేసుకుంటా” అంటారు. వాళ్లమ్మతో గొడవల సంగతి వాడికి ఈపాటికి తెలిసే ఉంటుంది, అడిగి చూడండి.

ఇష్టపడే వెళ్తున్నా అంటోంది కదా, దానికి చట్టం దగ్గర జవాబుంది. ఐక్యరాజ్యసమితి 2000లో తెచ్చిన పలెర్మో ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లని వెట్టిచాకిరీ, వ్యభిచారం లాంటి దోపిడీ కోసం చేరదీసినా, తరలించినా, దాచినా అది మనుషుల అక్రమ రవాణాయే. బలవంతమో మోసమో జరిగిందని చూపించక్కర్లేదు. పిల్ల ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకే రాదు.

ఈ మాట చెప్తే తను “నేనేం చదువురానిదాన్నా?” అంటుంది. కంబోడియా, మయన్మార్‌ల సంగతి చెప్పండి. ఆన్‌లైన్ మోసాలు చేయించే ముఠాల చేతుల్లో మయన్మార్‌లో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో లక్ష మంది దాకా ఉండొచ్చని ఐరాస మానవ హక్కుల కార్యాలయం 2023లో చెప్పింది. వాళ్లలో డిగ్రీలున్నవాళ్లు, రెండు మూడు భాషలొచ్చినవాళ్లు ఎందరో. మంచి ఉద్యోగమని వెళ్లారు. దిగాక పాస్‌పోర్టు తీసేసుకున్నారు, “నీమీద ఇంత ఖర్చయింది, తీర్చేదాకా కదలకు” అన్నారు. ఊరికే వచ్చిన టికెట్టు అప్పుగా మారేది అక్కడే.

వాదించకుండా ఇద్దరూ కలిసి వాకబు చెయ్యండి. హోటల్ నంబరు వాడిచ్చింది కాకుండా మీరే వెతికి పట్టుకుని, ఆ ఉద్యోగం ఉందా అని అడగండి. అపాయింట్‌మెంట్ కాగితం, వీసా ఏ రకమో చూపించమని తననే వాణ్ని అడగమనండి. టూరిస్టు వీసా మీద ఉద్యోగం అంటే ఇక మాటే లేదు. అన్నయ్యకి చెప్పేది కూడా చాటుగా వద్దు. “నాన్నకి నేను చెప్తాను, నువ్వు నా పక్కనే కూర్చో” అనండి. ముందుగా అన్నయ్య చేత చెయ్యెత్తనని మాట తీసుకోండి.

ఇంకోటి, సిగ్గుపడకుండా అడగాల్సింది. ఫొటోలేమైనా పంపిందా? పంపి ఉంటే “ఏం పంపినా సరే, నీ తప్పు కాదు, నేనున్నాను” అని ముందే అనెయ్యండి. ఎంతోమంది పిల్లలు ఆ ఫొటోలు బయటపెడతామన్న బెదిరింపుకే లొంగి వెళ్తారు.

వాడికి ఫోన్ చేసి తిట్టకండి. అకౌంట్ మూసేసి ఇంకో పిల్లని వెతుక్కుంటాడు. చాట్‌లు చెరిపెయ్యనివ్వకండి. స్క్రీన్‌షాట్లు, అకౌంట్ పేరు, నంబరు, పంపిన డబ్బుల వివరాలు పోలీసులకి ఇవ్వండి. ప్రయాణం తేదీ ఇప్పటికే చెప్పి ఉంటే పైవేవీ ఆలోచించకండి, ఈరోజే స్టేషన్‌కి వెళ్లండి.