చక్రాల ఇంటికి చలికాలం మకాం: ముందు 25 వేల డాలర్లు బ్యాంకులో ఉండాలి

ప్రశ్న: మాది ఒహాయోలోని కొలంబస్. మా వారికి 57 ఏళ్లు, నాకు 55. మే నెలాఖరుకు ఆయన ఉద్యోగం మానేశారు. జూన్‌లో ఇల్లు అమ్మి చక్రాల ఇల్లయిన ఆర్‌వీలోకి మారిపోయాం. బ్యాంకు అప్పు పోను చేతికి 1,60,000 డాలర్లు వచ్చాయి. 78,000 పెట్టి ట్రక్కు వెనక తగిలించి లాగే ఫిఫ్త్ వీల్ ఆర్‌వీ కొన్నాం, 52,000తో అబ్బాయి చదువు అప్పు తీర్చాం. సామాన్లకు, మరమ్మతులకు, ప్రయాణాలకు 21,000 అయింది. మిగిలిన 9,000 బ్యాంకులో ఉంది. మా వారి రిటైర్మెంటు పొదుపు ఖాతా 401కెలో 5,40,000 ఉంది. నేను ఆన్‌లైన్‌లో ఖాతాలు రాస్తాను, పన్ను పోను నెలకు 3,100 వస్తుంది. ట్రక్కు వాయిదా 830, కోబ్రా (పాత ఉద్యోగపు వైద్య బీమాను సొంత డబ్బుతో కొనసాగించడం) ప్రీమియం 1,450 కలిపి నెల ఖర్చు 4,800. మా వారికి రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. గుంటూరులో అత్తగారికి 82 ఏళ్లు. అమ్మాయి టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా మొదటి చలికాలం ఎక్కడ ఉండమంటారు? అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర ప్రభుత్వ స్థలంలో సీజనంతటికీ 180 డాలర్లేనట. అక్కడ కరెంటు ఉండదు కాబట్టి సోలార్ ప్యానెళ్లు, లిథియం బ్యాటరీలు పెట్టించాలి. 14,500 అవుతుంది. 18 నెలలు వడ్డీ లేకుండా ఇస్తామని షాపు వాళ్లు అంటున్నారు. టెక్సస్‌లోని రియో గ్రాండె వ్యాలీలో అయితే పార్కు అద్దె, కరెంటు కలిపి నెలకు 800. ఫ్లోరిడాలోని టాంపాలో స్నేహితులున్నారు, అక్కడ 1,400. కోబ్రా మానేసి చౌక బీమాకు మారితే సోలార్ వాయిదా అందులోనే కలిసివస్తుందని మా వారి ఆలోచన.

జవాబు: మీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చదివాక మిగతాదంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. గుండెకు స్టెంట్ ఉన్న మనిషి వైద్య బీమా వదులుకుని, ఆ డబ్బుతో బ్యాటరీల వాయిదా కట్టి, ఎడారిలో నాలుగు నెలలు ఉంటారా? వద్దమ్మా. ఈ ఒక్క మాట మీ వారికి చదివి వినిపించండి.

కొత్తగా ఆర్‌వీ జీవితంలోకి దిగినవాళ్లలో చాలామంది చలికాలాన్ని ఎండకూ అద్దెకూ సంబంధించిన విషయంగానే చూస్తున్నారు. ఎక్కడ వెచ్చగా ఉంటుంది, ఎక్కడ చౌక అన్న రెండు ప్రశ్నలతో ఆగిపోతున్నారు. ఇల్లున్నవాళ్లకు కారు చెడిపోతే కారు ఒక్కటే షెడ్డుకు వెళుతుంది. మీకు బండి చెడిపోతే వంటగది, పడకగది, మందులు, మీ ఆఫీసు అన్నీ కలిసి షెడ్డుకు వెళతాయి. సరిగ్గా అప్పుడే చేతిలో డబ్బుండాలి. ఆ డబ్బు మీ దగ్గర లేదు.

రెండేళ్ల కిందట జనవరిలో నా దగ్గర సలహా తీసుకునే ఒక దంపతులు న్యూ మెక్సికోలోని లాస్ క్రూసెస్ నుంచి ఫోను చేశారు. చక్రం బేరింగు వేడెక్కి ఇరుసు దాకా దెబ్బతింది. విడిభాగం రావడానికి 19 రోజులు పడుతుందన్నారు. షెడ్డు సాయంత్రం ఐదింటికి మూసేస్తారు, రాత్రి లోపల ఎవరూ పడుకోవడానికి వీల్లేదు. ఆవిడ ఇన్సులిన్ సీసాలను ఐసుపెట్టెలో పెట్టుకుని షెడ్డు బయట నిలబడి మాట్లాడుతున్నారు. ఆయన క్రెడిట్ కార్డులో ఇంకా ఎంత వాడుకోవచ్చో లెక్క చూస్తున్నారు. లాడ్జి, అద్దె కారు, బయటి తిండి, మరమ్మతు అన్నీ కార్డు మీదే వెళ్లాయి. ఆ అప్పు తీరడానికి వాళ్లకు ఏడాదిన్నర పట్టింది. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

మీకెంత అత్యవసర నిధి కావాలో లెక్క వేద్దాం. ఆరు నెలల ఖర్చు 28,800. ఏడాదిలో మీ జేబు నుంచి పోగల గరిష్ఠ వైద్య ఖర్చు, మీరు జతపరచిన పాలసీ కాగితం ప్రకారం, 8,000. టోయింగు, టైర్లు, ఇరుసు లాంటి వాటికి 5,000. బండి షెడ్డులో ఉన్న నెల రోజులూ లాడ్జికి, రాత్రికి 110 చొప్పున, 3,300. గుంటూరు నుంచి అర్ధరాత్రి ఫోను వస్తే ఇద్దరూ మర్నాడే బయలుదేరాలి. డిసెంబరు, జనవరి నెలల్లో అప్పటికప్పుడు హైదరాబాద్ టికెట్లకు 3,600 పక్కన పెట్టండి. మొత్తం 48,700. మీ దగ్గరున్నది 9,000.

ఇంత మొత్తం ఎక్కడి నుంచి తేవాలని కంగారుపడకండి. మీ వారు 55 ఏళ్లు నిండాక ఉద్యోగం మానేశారు. కాబట్టి ఆ సంస్థ 401కె నుంచి 59 ఏళ్ల ఆరు నెలల వయసు రాకముందే డబ్బు తీసుకున్నా పది శాతం జరిమానా పడదు. అయితే ఆ ఖాతాను సొంత రిటైర్మెంటు ఖాతా అయిన ఐఆర్‌ఏలోకి మార్చేస్తే ఈ వెసులుబాటు పోతుంది. మార్చమని ఎవరు ఎంత తీయగా చెప్పినా ఇప్పుడు ముట్టుకోకండి. విడతలుగా తీసుకోనిస్తారో లేదో 401కె నిర్వాహకులను అడగండి. ఈ ఏడాది ఆయనకు మే దాకా జీతం వచ్చింది కాబట్టి జనవరి మొదటి వారం వరకు ఆగి 20,000 తీసుకోండి. అందులో 20 శాతం ముందే పన్నుగా పట్టుకుంటారు, 16,000 చేతికొస్తుంది. అసలు పన్ను ఎంతన్నది రిటర్ను వేసినప్పుడు తేలుతుంది. ఉన్న తొమ్మిది వేలు, ఈ పదహారు వేలు కలిపి 25,000 మరో పొదుపు ఖాతాలో వేసి, దాని డెబిట్ కార్డు రోజూ వాడే పర్సులో పెట్టకండి. మిగతా 23,700 బ్యాంకులోకి తేనక్కర్లేదు. 401కెలోనే విలువ పెద్దగా ఊగని స్టేబుల్ వాల్యూ ఫండ్ ఉంటే అందులోకి మార్చి పెట్టండి. షేర్లు పడిన నెలలోనే బండి చెడిపోతే నష్టానికి అమ్ముకోవాల్సిన అవసరం ఉండదు.

ఇక బీమా. ఉద్యోగం మానేశాక కోబ్రా 18 నెలలు దొరుకుతుంది, మీకు వచ్చే ఏడాది నవంబరు చివరి దాకా. 1,450 ఎక్కువేనని నాకూ తెలుసు. కానీ మీ వారి సంస్థ పాలసీ దేశవ్యాప్త పీపీఓ, అంటే ఏ రాష్ట్రంలోనైనా జాబితాలోని వైద్యుల దగ్గరకు వెళ్లొచ్చు. స్టెంట్ ఉన్న మనిషి రాష్ట్రాలు దాటి తిరుగుతున్నప్పుడు దానికున్న విలువ బ్యాటరీలకు లేదు. చౌకగా కనిపించే స్వల్పకాలిక పాలసీలు పాత జబ్బులను మినహాయించవచ్చు, అంటే గుండె విషయంలో అవి మీకు ఉన్నా లేనట్టే. ప్రభుత్వ బీమా వేదికలో దొరికే మార్కెట్‌ప్లేస్ పాలసీలు పాత జబ్బులున్నా ఇవ్వాల్సిందే కానీ, వాటిలో చాలా భాగం హెచ్‌ఎంఓలు, ఈపీఓలు. మీరు చిరునామాగా చూపించే జిల్లా చుట్టుపక్కల ఆసుపత్రులకే పరిమితం. ప్రాణాపాయంలో ఎక్కడి అత్యవసర విభాగానికి వెళ్లినా చెల్లుతుంది, నిజమే. ఆ గండం గడిచాక వారం వారం కార్డియాలజిస్టును చూడాల్సి వస్తే ఆ బిల్లు మీదే. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం అత్యవసర వైద్యంలో ఊహించని బిల్లుల నుంచి కాపాడుతుంది, ఎయిర్ అంబులెన్సు కూడా అందులో ఉంది. రోడ్డు మీద వచ్చే అంబులెన్సు మాత్రం లేదు.

ఇప్పుడు క్వార్ట్‌జ్‌సైట్‌ను చూడండి. ఊళ్లో ఆసుపత్రి లేదు. అరిజోనాలో దగ్గరున్నది ఉత్తరాన దాదాపు 35 మైళ్ల దూరంలోని పార్కర్. పెద్ద గుండె వైద్యం కావాలంటే 130 మైళ్లు ప్రయాణించి ఫీనిక్స్ వెళ్లాలి. ఇండియా విమానం ఎక్కాలన్నా ఫీనిక్స్‌కే రావాలి. ఛాతీలో నొప్పి వచ్చిన రాత్రి ఆ 180 డాలర్ల పర్మిట్టు ఎంత చవకో మీకే తెలుస్తుంది.

కోబ్రాను మధ్యలో మీ అంతట మీరు మానేస్తే మార్కెట్‌ప్లేస్‌లో గడువుతో పనిలేకుండా చేరే ప్రత్యేక అవకాశం రాదు. సాధారణ నమోదు గడువు దాకా ఆగాలి. గడువు పూర్తయి కోబ్రా దానంతటదే ముగిస్తే ఆ అవకాశం వస్తుంది. అప్పటి దాకా కోబ్రా కట్టండి. శాశ్వత చిరునామా టెక్సస్‌కో దక్షిణ డకోటాకో మార్చుకునే ఆలోచన ఉంటే, ఏ జిల్లాలో ఏ పాలసీ దొరుకుతుందో చూసి, ఆ సమయానికి మార్చుకోండి. రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్న ఒక్క కారణంతో ఇప్పుడు తొందరపడకండి. 65 దాటిన పాఠకులకు ఇక్కడే ఒక మాట: ప్రభుత్వమే నేరుగా ఇచ్చే ఒరిజినల్ మెడికేర్ బీమా దేశమంతా చెల్లుతుంది. ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పాలసీ అయితే చలికాలం గడిపే ఊళ్లో వైద్యులు ఆ జాబితాలో ఉన్నారో లేదో బయలుదేరే ముందే అడగాలి.

షాపు వాళ్ల 18 నెలల అప్పు సంగతి. వడ్డీ లేదన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద చిన్న అక్షరాలు చదవండి. ఇలాంటి షాపు అప్పుల్లో ఎక్కువ భాగం వడ్డీని వాయిదా వేసేవే, రద్దు చేసేవి కావు. 18వ నెల ముగిసేనాటికి ఒక్క డాలరు మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కగట్టి ఒకేసారి మీ మీద వేస్తారు. నెలకు 805 డాలర్ల వాయిదా అది. మీ ఆదాయానికీ ఖర్చుకూ మధ్య ఇప్పటికే నెలకు 1,700 తేడా ఉంది. దాన్ని 2,500కు పెంచుకుని, తిరుగుతున్న కొద్దీ విలువ తరిగిపోయే బండి మీద బిగించే సామాను కొంటారా? పోనీ, ఆదా ఎంత? వ్యాలీలో నాలుగు నెలలకు 3,200, ఎడారిలో 180. తేడా 3,020. నీళ్లు తెచ్చుకోవడం, మురుగు ట్యాంకు ఖాళీ చేయించడం, జనరేటరు ఇంధనం లెక్కలోకి తీసుకోకపోయినా 14,500 రాబట్టడానికి దాదాపు ఐదు చలికాలాలు కావాలి. ఐదో చలికాలానికి మీరు ఇదే ఆర్‌వీలో ఉంటారో లేదో ఎవరు చెప్పగలరు? అప్పు మాత్రం ఉంటుంది. ఈ కాగితం మీద సంతకం పెట్టకండి.

మీరు జతచేసిన ఆర్‌వీ పాలసీలో ఇంకో పొరపాటు కనిపించింది. వాడకం దగ్గర ‘వినోద ప్రయాణాలు’ అని ఉంది. ఇల్లు ఉన్నవాళ్లు సెలవులకు వాడుకునే బండికి రాసే పాలసీ అది. మీకిప్పుడు వేరే ఇల్లు లేదు, ఇంటి బీమా లేదు. పార్కులో మీ మెట్ల మీద జారి ఎవరైనా తుంటి విరగ్గొట్టుకుంటే ఆ దావా ఖర్చు భరించే పాలసీ మీకు ఏదీ లేదు. అందులోనే కాపురం ఉంటున్నారని తెలిస్తే బీమా సంస్థ మీ క్లెయిమును తిరస్కరించవచ్చు కూడా. ఈ వారంలోనే ఫోను చేసి ఫుల్‌టైమర్ పాలసీకి మార్పించండి. వ్యక్తిగత బాధ్యత, లోపలి సామాను, బండి షెడ్డులో ఉన్నప్పుడు బస ఖర్చు మూడూ అందులో ఉన్నాయని కాగితం మీద చూసుకోండి. ప్రీమియం పెరుగుతుంది, కట్టండి.

ఇక మీరడిగిన ఊరు. ఫ్లోరిడా ఈ ఏడాదికి మీ లెక్కకు అందదు, రాష్ట్ర పార్కుల్లో అయితే 14 రాత్రులకు మించి ఉండనివ్వరు.

మొదటి చలికాలానికి నా ఓటు రియో గ్రాండె వ్యాలీకే. మిషన్, మెకాలెన్, హార్లింజెన్ చుట్టుపక్కల పార్కులు దశాబ్దాలుగా ఉత్తరాది నుంచి చలికాలం గడపడానికి వచ్చేవాళ్ల మీదే బతుకుతున్నాయి. చాలావాటిలో 55 ఏళ్లు నిండినవారికే చోటు, మీరిద్దరూ అర్హులే. నీళ్లు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉంటాయి. మెకాలెన్, ఎడిన్‌బర్గ్‌లలో పెద్ద ఆసుపత్రులున్నాయి. విమానాశ్రయాలు అక్కడే ఉన్నాయి. సంక్రాంతికి ఫ్రిస్కోలో అమ్మాయి దగ్గరకు ట్రక్కులో ఒక్క రోజు ప్రయాణం. మీ పాలసీ జాబితాలో ఉన్న కార్డియాలజిస్టు దగ్గర అపాయింట్‌మెంటు ఖాయం చేసుకున్నాకే పార్కుకు అడ్వాన్సు కట్టండి. ఈ వరుస మారకూడదు. అడ్వాన్సు తిరిగి ఇస్తారా, కరెంటు మీటరు విడిగానా, మీ పనికి సరిపడా ఇంటర్నెట్టు ఉందా అని పార్కు వాళ్లను అడగండి. మీ 3,100 ఆ ఇంటర్నెట్టు మీదే ఆధారపడి ఉంది.

దక్షిణాదే కదా, చలి ఏం చేస్తుందిలే అనుకోకండి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు వ్యాలీలో కూడా కరెంటు పోయింది. వేడి చేసుకునే నీళ్ల గొట్టం, నిండుగా రెండు ప్రొపేన్ సిలిండర్లు ఉంచుకోండి.

క్వార్ట్‌జ్‌సైట్ చూడాలని ఉంటే మార్చిలో రెండు వారాలు వెళ్లి రండి. ఆ ప్రభుత్వ శిబిరాల సీజను సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా. 14 రోజుల పర్మిట్టు విడిగా ఇస్తారు. చుట్టుపక్కల ప్రభుత్వ భూములు చూసే బీఎల్‌ఎం సంస్థ స్థలాల్లో డబ్బు కట్టకుండా కూడా 14 రోజులు ఉండవచ్చు. ఉన్న బ్యాటరీతో, అద్దెకు తెచ్చిన చిన్న జనరేటరుతో ఆ రెండు వారాలు గడిపి చూడండి. నచ్చితే సోలార్ గురించి వచ్చే ఏడాది, సొంత డబ్బుతో.

అత్తగారి విషయంలో ఒక ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. మీరిద్దరూ మూడు వారాలు గుంటూరు వెళ్లాల్సి వస్తే బండి అదే చోట ఉంచనిస్తారా, ఫ్రిజ్‌కు కరెంటు పోయిందేమో ఎవరు చూస్తారు అని పార్కు ఆఫీసులో అడిగి పెట్టుకోండి. పాస్‌పోర్టులు, ఓసీఐ కార్డులు, మీ వారి మందుల చీటీ, స్టెంట్ కార్డు, పని చేసుకునే ల్యాప్‌టాప్ అన్నీ ఒకే చేతిసంచిలో పెట్టి, ఆ సంచి ఆర్‌వీలో కాకుండా ట్రక్కులో ఉంచండి. షెడ్డు తాళం వేసే వేళకు అది మీ చేతిలో ఉండాలి.