టెక్ సందేహాలు: ఏడు తలుపులు తీసినా టీవీలో చీకటేనా?

ప్రశ్న: హంగేరియన్ సంగీతకర్త బార్టోక్ ఒపెరా (పాటల నాటకం) 'బ్లూబియర్డ్స్ కాసిల్' ఫిల్మును స్ట్రీమింగ్‌లో చూశాను. మొదట్లో చాలాసేపు ఏమీ కనబడలేదు. నల్లగా ఉండాల్సిన చోట గళ్లు గళ్లుగా ఏదో కదులుతోంది. బ్రైట్‌నెస్ పెంచితే తెరంతా బూడిద పూసినట్టయింది. టీవీ మార్చేయాలా?

జవాబు: అక్కర్లేదు. మీరు చూసినదాంట్లో కథ చీకటి ఎంత, టీవీ చీకటి ఎంత అన్నది ముందు తేల్చుకుందాం.

ఈ ఒపెరాలో పాడేది ఇద్దరే. బ్లూబియర్డ్, అతన్ని చేసుకుని కోటకు వచ్చిన జూడిత్. కిటికీల్లేని కోట, మూసి ఉన్న ఏడు తలుపులు. ఆమె పట్టుబట్టి ఒక్కొక్కటే తీయిస్తుంది. ఏ తలుపు నుంచి ఏ రంగు వెలుగు పడాలో దీని పాఠం రాసిన బేలా బాలాజ్ అందులోనే చెప్పేశాడు. మొదటిది చిత్రహింసల గది, అక్కణ్నుంచి నెత్తుటి ఎరుపు. మూడోది ఖజానా, బంగారు రంగు. నాలుగోది తోట, నీలం కలిసిన పచ్చ. ఐదో తలుపు తీస్తే అతని రాజ్యమంతా కళ్లు చెదిరే వెలుగులో కనబడుతుంది. ఆ తర్వాత మళ్లీ చీకటి కమ్ముకొస్తుంది. అంటే మొదట్లో మీకు కనబడకపోవడం చాలావరకు వాళ్లు కావాలని చేసిందే. బ్రైట్‌నెస్ పెంచి దాన్ని 'బాగుచేస్తే' ఐదో తలుపు తెరిచినప్పుడు మీకు ఏమీ అనిపించదు. 1918లో బుడాపెస్ట్‌లో తొలిసారి ప్రదర్శించిన ఈ ఒపెరా నిడివి గంటే. భారీ ఆర్కెస్ట్రా కావాలి, సాయంత్రం నిండాలంటే పక్కన ఇంకో రచన జతచేయాలి. అందుకే రంగస్థలం మీద చూసే అవకాశం చాలామందికి రాదు. ఫిల్మే దిక్కు కాబట్టి కాస్త శ్రమ పడినా నష్టం లేదు.

గళ్లు మాత్రం కథలోవి కావు. 8 బిట్ల వీడియోలో ఒక్కో రంగుకు 256 మెట్లుంటాయి. నలుపు దగ్గర కన్ను పసిగట్టే తేడాలకు అవి చాలవు, మెట్లు చారలుగా బయటపడతాయి. దానికితోడు స్ట్రీమింగ్ కోసం వీడియోను కుదించే ఎన్‌కోడర్ డేటా పొదుపు చేయాల్సి వస్తే ముందు కోత పెట్టేది చీకటి మూలలకే. అక్కడ ఎవరూ చూడరని దాని లెక్క. ఈ ఒపెరాలో మనం చూసేదే అక్కడ! అందుకే డిస్కు దొరికితే డిస్కే మేలంటాను. బ్లూరేలో వీడియోకు సెకనుకు 40 మెగాబిట్ల వరకు చోటుంటుంది. హెచ్‌డీ స్ట్రీమింగ్‌కు సాధారణంగా అందులో నాలుగో వంతు కూడా దక్కదు.

ఇక తెర బూడిదగా మారడం సంగతి. చాలా టీవీల్లో 'బ్రైట్‌నెస్' అనే మీట వెలుగును పెంచదు, నలుపును పైకి లేపుతుంది. వెలుగు కావాలంటే 'బ్యాక్‌లైట్', లేదా 'ఓఎల్‌ఈడీ లైట్' పెంచాలి. కొన్ని కొత్త మోడళ్లలో ఇదే తిరగబడింది. వాటిలో 'బ్రైట్‌నెస్' అంటే నిజంగానే వెలుగు, నలుపుకు 'బ్లాక్ లెవెల్' అనో 'షాడో డీటెయిల్' అనో వేరే మీట ఉంటుంది. కంపెనీలన్నీ కూర్చుని ఒక పేరు అనుకోవచ్చు కదా! మీ మీట ఏది చేస్తోందో తేల్చుకోవాలంటే పూర్తి నలుపు ఉన్న చోట పాజ్ చేసి కదిపి చూడండి. నలుపు బూడిదవుతుంటే దాన్ని మొదట ఉన్న చోటికే తెచ్చేయండి.

పిక్చర్ మోడ్ 'ఫిల్మ్‌మేకర్' లేదా 'సినిమా' పెట్టండి. పవర్ సేవింగ్, డైనమిక్ కాంట్రాస్ట్, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. 'స్మూత్ గ్రెడేషన్' అని ఉంటే మాత్రం తక్కువలో ఉంచుకోండి, చారలు కాస్త తగ్గుతాయి. ప్లేయర్ వాడేవాళ్లు హెచ్‌డీఎంఐ రేంజ్ కూడా చూడాలి, అంటే నలుపు నుంచి తెలుపు దాకా పంపే అంకెల పరిధి. ప్లేయర్ 'ఫుల్' పంపుతుంటే టీవీ 'లిమిటెడ్' అనుకుంటోందనుకోండి, చీకట్లోని ముఖాలన్నీ నలుపులో కలిసిపోతాయి. అటూఇటూ అయితే నలుపు బూడిదవుతుంది. రెండు చోట్లా ఒకటే ఉండాలి.

గదిలో లైట్లు ఆపి, టీవీ వెనక మాత్రం చిన్న దీపం ఒకటి పెట్టుకోండి. కళ్లకు హాయి, తెర మీద ప్రతిబింబమూ పడదు.

ప్రశ్న: నాది ఎల్‌ఈడీ టీవీ. చీకటి సీన్లలో సబ్‌టైటిల్ వచ్చిన ప్రతిసారీ దాని చుట్టూ తెల్లటి మబ్బులా కనబడుతోంది.

జవాబు: అక్షరాలు వెలగాలంటే వాటి వెనకున్న బ్యాక్‌లైట్ జోన్ మొత్తం వెలగాలి. ఆ వెలుగే పక్కకు కారుతోంది. ఓఎల్‌ఈడీలో ఏ పిక్సెల్ వెలుగు దానిదే కాబట్టి ఈ బాధ ఉండదు. స్ట్రీమింగ్ యాప్ అయితే సబ్‌టైటిల్ రంగును తెలుపు నుంచి బూడిదకు మార్చి, సైజు తగ్గించండి. బ్లూరే సబ్‌టైటిళ్లు బొమ్మల రూపంలో ఉంటాయి. వాటి రంగు మార్చడం చాలా ప్లేయర్లలో కుదరదు, అప్పుడు జోన్ల వారీగా వెలుగు తగ్గించే లోకల్ డిమ్మింగ్‌ను ఒక మెట్టు తగ్గించడమే మార్గం.

ప్రశ్న: ప్రారంభంలో సంగీతం వినబడక వాల్యూమ్ పెంచాను. మధ్యలో ఒక్కసారిగా ఇల్లదిరింది. నైట్ మోడ్ పెట్టమంటారా?

జవాబు: వద్దు. నైట్ మోడ్ చిన్న శబ్దాన్ని పెంచి, పెద్దదాన్ని అణిచేస్తుంది. వార్తలకు సరే. ఈ ఒపెరా చెల్లోలు, డబుల్ బాస్‌ల గుసగుసతో మొదలవుతుంది. మీ ఇల్లదిరింది ఐదో తలుపు దగ్గరే అయి ఉంటుంది. అక్కడ పూర్తి ఆర్కెస్ట్రా, ఆర్గాన్ కలిసి పాశ్చాత్య సంగీతంలోని సీ మేజర్ స్వరక్రమం‌లో విరుచుకుపడతాయి. ఈ రెంటి మధ్య దూరాన్ని తగ్గించుకుని వింటే ఇక వినడమెందుకు?

నేనిచ్చే సలహా ఒక్కటే. ముందు ఐదో తలుపు సీన్‌కు వెళ్లి, మీ గదికి, పక్కింటివాళ్లకు ఎంత గట్టిగా పర్వాలేదో అక్కడ వాల్యూమ్ పెట్టుకోండి. తర్వాత మొదటికొచ్చి చూడండి, ఇక రిమోట్ ముట్టుకోకండి. ఆటో వాల్యూమ్, డైలాగ్ ఎన్‌హాన్స్‌మెంట్ కూడా ఆపండి. రాత్రిపూటైతే హెడ్‌ఫోన్స్ మంచివి, అదీ వైరున్నవి. బ్లూటూత్‌లో ధ్వని వెనకబడుతుంది.

ప్రశ్న: పెదవులకు, పాటకు పొంతన కుదరడం లేదు. పైగా మనుషులు లావుగా కనబడుతున్నారు. నాది 1963 నాటి మైకేల్ పావెల్ తీసిన వెర్షన్.

జవాబు: ఒపెరా ఫిల్ముల్లో చాలావరకు ముందు పాట రికార్డు చేసి, షూటింగ్‌లో పెదవులు కదిపిస్తారు. అదే టీవీలో ఎవరైనా న్యూస్ రీడర్‌ను చూడండి. అక్కడ సరిగ్గా ఉంటే తప్పు టీవీది కాదు, ఆడియో డిలే జోలికి పోకండి. మీ వెర్షన్‌లో హంగేరియన్ బదులు జర్మన్‌లో పాడారు కాబట్టి హంగేరియన్ పాఠం చేత్తో పట్టుకుని చూస్తుంటే అదీ కలవదు. హంగేరియన్‌లోనే కావాలంటే జార్జ్ షోల్టీ సంగీతం నిర్వహించిన 1981 ఫిల్ము వెతకండి.

లావు సంగతి తేలికే. జర్మన్ టీవీ కోసం తీసింది, అప్పటి తెర 4:3. మీ టీవీ దాన్ని 16:9కు సాగదీస్తోంది. పిక్చర్ సైజును 'ఒరిజినల్'కు మార్చండి, పక్కల నల్ల పట్టీలు వస్తాయి.