పాత మెషిన్ మీదే కట్టు

చిరంజీవి శ్రావణికి మామయ్య ఆశీస్సులు.

మందుల షాపుల బిల్లింగ్ ప్రోగ్రామ్‌ని డెబ్ ప్యాకేజీగా (ఉబుంటు లాంటి లైనక్స్‌లలో ఇన్‌స్టాల్ చేసే ఫైలుగా) కట్టి షాపులకి ఇవ్వబోతున్నావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. "అన్నీ లేటెస్టే పెడుతోందిట" అని కూడా అంది. ఆ మాటకే ఈ ఉత్తరం.

జావాస్క్రిప్ట్ ప్రోగ్రామ్‌ని నడిపే నోడ్ సంగతి తేలిక. 25 దాకా బేసి సంఖ్య వెర్షన్లు ఏడాది తిరక్కుండా ముగిసేవే, వాటి జోలికి పోకు. 22కి 2027 ఏప్రిల్, 24కి 2028 ఏప్రిల్ మద్దతు గడువు. కొత్తగా మొదలుపెడుతున్నావు కనక 24. సిస్టమ్ నోడ్‌ని కదపకుండా ఆప్ట్ ఫోల్డర్‌లో నీది వేరే పెట్టుకో. అలా పెడితే దాని భద్రతా ప్యాచ్‌ల పూచీ కూడా నీదే. ఎల్‌టీఎస్ (ఎక్కువ కాలం మద్దతుండే వెర్షన్) అంటే ఒకసారి పెట్టేసి పడుకోవడం కాదమ్మా, 24 వరసలో తాజాది ఎప్పటికప్పుడు ఇస్తూ ఉండాలి.

గడువు తేదీల్ని కూడా గుడ్డిగా నమ్మకు. నోడ్ 16 గడువు 2024 ఏప్రిల్ అన్నారు. దాని అడుగున ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ మద్దతు 2023 సెప్టెంబరు 11తో అయిపోతోందని నోడ్ 16నీ అదే రోజుకి ముగించేశారు. సెంటోస్ 8 అనే లైనక్స్ అయితే మరీ దారుణం. 2029 దాకా అనుకున్నది 2021 ఆఖరుకే ఆగిపోతుందని 2020 డిసెంబరులో చెప్పారు. అందుకే ప్రతి భాగం గడువుతో పాటు, దాని కింద ఉన్నదాని గడువూ రాసి పెట్టుకో.

నా అసలు బెంగ బార్‌కోడ్ ప్రింటర్‌కి రాసిన ఆ సీ ప్లస్ ప్లస్ ముక్క గురించి. ప్యాకేజీలు కట్టేవాళ్లు ఏనాటి నుంచో చేస్తున్న తప్పు, తమ ల్యాప్‌టాప్ మీద కంపైల్ చేసి పంపేయడం. నీ దగ్గర ఉబుంటు 24.04, అందులో జీలిబ్‌సీ (ప్రోగ్రాములు ఆధారపడే మూల సీ లైబ్రరీ) 2.39. షాపులో 20.04 ఉంటే అక్కడ 2.31. పైగా 2.34లో పీథ్రెడ్ అనే థ్రెడ్ల లైబ్రరీని జీలిబ్‌సీ అసలు లైబ్రరీలో కలిపేసినప్పుడు, ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టే ఫంక్షన్‌కే కొత్త వెర్షన్ గుర్తు పడింది. దాంతో ఒక్క లైను ప్రింట్ చేసే ప్రోగ్రామైనా సరే, నీ దగ్గర కడితే అక్కడ "జీలిబ్‌సీ 2.34 నాట్ ఫౌండ్" అని పడిపోతుంది. పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది. కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడుస్తుందన్న నమ్మకం లేదు.

ప్యాకేజీకి ఏమేం కావాలో చెప్పే డిపెండ్స్ లైను చేత్తో రాశావో, ఇంకా ప్రమాదం. ఎస్‌హెచ్‌లిబ్‌డెప్స్ అనే టూల్‌కి వదిలేస్తే కావలసిన లిబ్‌సీ (జీలిబ్‌సీ ప్యాకేజీ) వెర్షన్ అదే రాస్తుంది, సరిపోని మెషిన్‌లో ఇన్‌స్టాలే కాదు. చేత్తో రాసి ఆ వెర్షన్ మరిచిపోతే ఇన్‌స్టాల్ చక్కగా అవుతుంది, కౌంటర్ ముందు జనం నిలబడ్డాక తెరుచుకోదు. అప్పుడు ఫోన్ వచ్చేది నీకే.

కాబట్టి 20.04 కంటైనర్‌లో (నీ మెషిన్‌లోనే విడిగా నడిచే చిన్న ఉబుంటులో) కంపైల్ చెయ్యి. కొత్త జీసీసీ కంపైలర్ కావాలంటే అందులోనే వేసుకుని సీ ప్లస్ ప్లస్ లైబ్రరీని స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రామ్ లోపలే, కలుపు. జీలిబ్‌సీని మాత్రం అలా కలపకు, నెట్‌వర్క్‌లో పేర్లు వెతికే పని తేడా చేస్తుంది. తరవాత కట్టిన ఫైలుకి ఏ గుర్తులు కావాలో చూపే ఆబ్జ్‌డంప్‌కి పెద్ద టీ (-T) ఇచ్చి చూడు, 2.31ని మించిన జీలిబ్‌సీ గుర్తు ఒక్కటీ కనబడకూడదు. ఏమీ లేని 20.04, 22.04, 24.04 కంటైనర్లలో ఇన్‌స్టాల్ చేసి నడిపి చూడు. 20.04కి మామూలు మద్దతు 2025 మేలోనే ముగిసింది, షాపువాళ్లని మార్చమని పోరు. మారేదాకా బిల్లులు ఆగకూడదుగా.

జీఎస్‌టీ రేట్లని విడి ప్యాకేజీగా పెట్టు. 2025 సెప్టెంబరు 22న చాలా మందులు 12 శాతం నుంచి 5కి దిగాయి. అలాంటి రోజున ప్రోగ్రామ్ మొత్తం మళ్లీ కట్టి పంపే పరిస్థితి రాకూడదు. సర్టిఫికెట్లు, టైమ్‌జోన్ డేటా అసలు నీ ప్యాకేజీలో మోయకు, అవి సిస్టమ్ నుంచి తాజాగా రానీ.

ఆబ్జ్‌డంప్ ఏం చూపించిందో నాకు పంపు. మొదటి షాపులో మధ్యాహ్నం పూట పెట్టు, సాయంత్రం డాక్టర్ల చీటీలతో జనం వచ్చే వేళ వద్దు. అన్నం తిని వెళ్లు.

మామయ్య