నాన్న స్ప్లెండరే తెచ్చుకో

చి. అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

350 సీసీ బండికి లోను పెట్టనా, చీరాలలో పట్టా కప్పి ఉన్న నాన్న స్ప్లెండర్ తెచ్చుకోనా అని అడిగావు. స్ప్లెండరే తెచ్చుకోరా. డబ్బు మిగలడం ఒక్కటే కాదు కారణం.

బెంగళూరులో మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు దాకా నువ్వు బండి తోలేది తక్కువ, కాలు కింద పెట్టి నెట్టుకుంటూ పోయేది ఎక్కువ. అక్కడ నూట తొంభై కిలోల బండి మోకాళ్ళ మీద భారం. స్ప్లెండర్ 112 కిలోలు. పీజీ ముందు రెండు బళ్ళ సందులోంచి కూడా ఒక్కడివే బయటికి లాక్కోగలవు. దానికున్నది 97 సీసీ, ఎనిమిది హార్స్‌పవర్, నాలుగు గేర్లు. ఊళ్ళో ఆ నాలుగూ వాడతావు, యాక్సిలరేటర్ బాగా తిప్పుతావు, అయినా వేగం మితంలోనే ఉంటుంది. ఉన్న శక్తినంతా వాడుకుంటూ నడపడంలో ఒక హాయి ఉంది. పెద్ద బండిని ఈ ట్రాఫిక్‌లో రెండో గేరు దాటనివ్వరు, ఆ హాయి దానికి రాదు.

పెట్రోలు లెక్క కూడా చూడు. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు, మొత్తం 780. లీటరుకు 60 వేసుకుంటే 13 లీటర్లు చాలు. 35 ఇచ్చే బండికైతే 22 దాటుతుంది.

ముందు ఆర్సీ తీసి తేదీ చూడు. పదిహేనేళ్ళు దాటితే అక్కడే రెన్యువల్ చేయించు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ రెండూ నడుస్తూ ఉండాలి. ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచేట్టయితే రిజిస్ట్రేషన్ కర్ణాటకకు మార్చుకోవాలి, దానికి అక్కడి ఆర్టీవో దగ్గర ఎన్‌వోసీ కావాలి, ఫారం 28. ఇక్కడి పన్ను కూడా కట్టాలి. రైల్లో వేసేటప్పుడు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయించు. పార్సిల్ ఆఫీసులో ఆర్సీ జిరాక్సు, ఆధార్ జిరాక్సు అడుగుతారు. అద్దాలు విప్పి సంచిలో పెట్టుకో, హెడ్‌లైటుకూ ఇండికేటర్లకూ గోనెసంచి గట్టిగా చుట్టించు.

అసలు పని దిగాక ఉంటుంది. నెలల తరబడి నిలిచిన పెట్రోలు కార్బురేటర్‌లో జిగురులా గడ్డకడుతుంది. చోక్ లాగితే స్టార్టయి, చోక్ మూసేయగానే ఆగిపోతోందంటే పైలట్ జెట్, అంటే ఇంజన్ నెమ్మదిగా ఆడేటప్పుడు పెట్రోలు పంపే చిన్న ఇత్తడి గొట్టం, పూడిపోయిందని అర్థం. మెకానిక్ ఇంజన్ విప్పుదామంటే ఒప్పుకోకు. కార్బురేటర్ అడుగు గిన్నె స్క్రూ తిప్పి పాత పెట్రోలు వదిలించి, ఆ జెట్ తీసి క్లీనర్ కొట్టించు. రంధ్రంలో సూదిగానీ తీగగానీ పెట్టనివ్వకు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే మైలేజీ పోతుంది.

ఇంకో సంగతి. చీరాల సముద్రం ఒడ్డు, బెంగళూరు దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి పలచన. కార్బురేటర్‌కు ఆ సంగతి తెలియదు, పెట్రోలు దాదాపు అక్కడిలాగే పోస్తుంది. ఇంజన్ శక్తి పదో వంతు తగ్గుతుంది, ప్లగ్గు మొన మీద నల్లటి మసి పడుతుంది. ఈ తేడా ఒక్కటే ఉంటే పెద్దగా తెలియదు గానీ, ఎయిర్ ఫిల్టర్‌లో దుమ్ము కూడా ఉంటే బండి బరువుగా లాగుతుంది. కొత్త ఫిల్టర్ వేయించు. పది నిమిషాలు నడిపి ఇంజన్ వేడెక్కాక, కార్బురేటర్ మీద గాలి, పెట్రోలు పాళ్ళు సరిచేసే చిన్న స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పించి, ఇంజన్ ఎక్కడ నిలకడగా, అన్నిటికన్నా చురుగ్గా ఆడుతుందో అక్కడ ఆపించు. ఆ తర్వాతే ఐడిలింగ్, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజన్ ఆడే వేగం, తగ్గించాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్ 6 బళ్ళకు చాలావరకు కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షనే, వాటికి ఈ బాధ లేదు. కానీ నీ చేత్తో సరిచేసుకునే వీలూ తక్కువే.

ఇంజన్ ఆయిలు 10డబ్ల్యూ30, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉండాలి. ఈ బండి క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిలు పోస్తే క్లచ్ జారొచ్చు, అప్పుడు ఇంజన్ అరుస్తుంది గానీ బండి ఊపందుకోదు. కొలిచేటప్పుడు డబుల్ స్టాండు వేసి, పుల్లను తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడు. రెండు గీతల మధ్య ఉండాలి. సిగ్నళ్ళ దగ్గర ఇంజన్ ఆడే గంటలు మీటరు లెక్కకు రావు, అందుకని రెండు వేల కిలోమీటర్లకోసారి మార్చు.

చైన్ పని మాత్రం నువ్వే నేర్చుకో. డబుల్ స్టాండు వేసి న్యూట్రల్‌లో పెట్టు. చైన్ కేసుకు ఉండే రబ్బరు మూత తీసి, కింది వరసను వేలితో పైకీ కిందికీ కదుపు. ఆట 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూడు, అరిగిన చైన్ ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా ఉంటుంది. అన్నిటికన్నా బిగుతైన చోటే కొలత పెట్టుకో. వదులు చోట పెట్టుకుంటే బిగుతు చోట గుంజి గేర్‌బాక్స్ బేరింగును తినేస్తుంది. వెనక ఇరుసు నట్లు వదులుచేసి, రెండు పక్కల అడ్జస్టర్లనూ సమానంగా తిప్పు. రెండువైపులా గీతలు ఒకే లెక్కలో ఉండాలి, లేకపోతే చక్రం వంకరగా కూర్చుని టైరు ఒకవైపే అరుగుతుంది. బిగించాక బ్రేకు పెడల్ తొక్కి చూడడం మరిచిపోకు. చక్రం వెనక్కి జరిగితే బ్రేకు రాడ్ ఆట మారిపోతుంది.

రెండు చక్రాలకూ 130 మిల్లీమీటర్ల డ్రమ్ బ్రేకులే. నీళ్ళలోంచి వచ్చాక కాసేపు పట్టవు, మెల్లగా పోతూ రెండు బ్రేకులూ లేతగా నాలుగైదుసార్లు నొక్కి ఆరబెట్టు. గాలి ఒక్కడివే ఉన్నప్పుడు ముందు 25, వెనక 28. వెనక మనిషిని ఎక్కించుకుంటే వెనక ఎక్కువ కావాలి. వాళ్ళకూ హెల్మెట్ ఉండాలి.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు బండి గొణగకముందే గేరు దించు. వేగం చచ్చాక దించితే చిన్న ఇంజన్ మళ్ళీ కోలుకోదు. నంది కొండ దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండు, బ్రేకు పట్టుకునే దిగితే డ్రమ్ములు కాగి పట్టు వదులుతాయి.

దీనికి చేతకానిది కూడా చెప్పాలి. హైవేల మీద 55 దాటితే అద్దాలు వణుకుతాయి, వెనకనుంచి 80లో వచ్చే లారీని తప్పించుకునే ఊపు ఉండదు. రాత్రిపూట హైవే ఎక్కకు. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద 2023 ఆగస్టు నుంచి టూవీలర్లను అసలు రానివ్వడం లేదు, సర్వీసు రోడ్డులో పోవాలి. నెలనెలా ఇంటికి బండి మీదే వెళ్తానంటే మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటా. దానికి రైలుంది.

ఒక ప్లగ్గు, ప్లగ్ పానా, ఒక క్లచ్ వైరు జేసీ రోడ్డులో కొని సైడు పెట్టెలో పడేసుకో. బండి పార్సిల్ వేసే ముందు పెట్రోలు ట్యాప్ ఆఫ్‌లో ఉందో లేదో నాన్నను ఒకసారి చూడమను.

మీ మావయ్య