ఇది ఏ ఊరి సముద్రం?

చిరంజీవి అమ్మలుకి, భీమిలి నుంచి మీ అత్త ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ ఒక్కొక్కటీ పెద్దది చేసుకుని చూశాను. సముద్రం అడుగున నిలబెట్టిన మనుషుల శిల్పాలు, ఊలుతో అల్లిన పగడపు దిబ్బలు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ప్లాస్టిక్‌తో కట్టిన పెద్ద చేప. వాటి కింద నువ్వు పెట్టిన ప్రశ్న రెండ్రోజులు నన్ను వదల్లేదు. "అత్తా, నేనూ ఇలాంటివి చెయ్యాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" ఫోన్‌లో చెబుదామనుకున్నాను గానీ, క్లాసుకీ బస్సుకీ మధ్య నువ్వు వింటే అందులో సగం కూడా మిగలదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

చాలా ఏళ్ళ కిందట ఒక గోడ మీద సముద్రం బొమ్మ వెయ్యమని నన్ను పిలిచారు. వారం రోజులు నిచ్చెన మీద నిలబడి వేశాను. నీలి నీళ్ళు, ఎగిరే డాల్ఫిన్లు, ఎర్రటి పగడాలు, చారల చారల రంగు చేపలు. చూసినవాళ్ళంతా బాగుందన్నారు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని అటుగా పోతున్న ఒక పెద్దావిడ మాత్రం ఆగి, చాలాసేపు చూసి, "ఇది ఏ ఊరి సముద్రమమ్మా?" అని అడిగింది. అందులో వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ గోడ మీద మన వలల్లో పడే చేపలు, కవ్వళ్ళు లేవు, కోనాం లేదు, తెప్ప లేదు, మరబోటు లేదు, వల లాగే మనిషి లేడు. క్యాలెండర్లో చూసిన సముద్రాన్ని తెచ్చి విశాఖపట్నం గోడకి అంటించాను.

ఆవిడ అడిగిన ప్రశ్నే నీకు ఇస్తున్నాను. నువ్వు పంపిన కళాకారులు గొప్పవాళ్ళు, అందులో సందేహం లేదు. కానీ వాళ్ళ బొమ్మ చూసి బొమ్మ వెయ్యకు. తమ ఒడ్డున వాళ్ళు ఏం చేశారో అది చూడు.

నీళ్ళ అడుగు శిల్పాలు చేసిన జేసన్ డికెయిర్స్ టేలర్ సంగతే తీసుకో. మనకి 2014లో హుద్‌హుద్ ఎలాగో, కరీబియన్ దీవి గ్రెనడాకి 2004లో ఐవాన్ తుఫాను అలాగ. ఊళ్ళతో పాటు అక్కడి పగడపు దిబ్బలూ దెబ్బతిన్నాయి. ఆ దీవి పక్కన మోలినేర్ బే అనే చోట 2006లో ఆయన శిల్పాలు దించాడు. ఈత కొట్టి పగడాలు చూడ్డానికి వచ్చే జనం ఇటు మళ్ళితే, అసలు దిబ్బలకి కాస్త ఊపిరి తిరుగుతుందని ఒక ఉద్దేశం. మామూలు సిమెంటు సముద్రపు జీవాలకి పడదు కాబట్టి క్షారగుణం తగ్గించిన సిమెంటు వాడాడు. పైభాగం గరుకుగా ఉంచాడు, చిన్న చిన్న జీవాలు పట్టు దొరికించుకుని పెరగడానికి. తర్వాత మెక్సికోలోని కాన్‌కున్ దగ్గర వందల మనిషి బొమ్మలు పెట్టినప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్ళనే నిలబెట్టి అచ్చులు తీశాడు. చేపలు పట్టేవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఇవాళ ఆ ముఖాల మీద నాచు, స్పాంజీలు, పగడాలు పెరిగి, ఎవరిది ఏ ముఖమో పోల్చుకోలేం. తను చెక్కినదాన్ని సముద్రం చెరిపేస్తుందని ముందే తెలిసి, దానికి ఒప్పుకుని చేసిన పని అది. ఆ ఒప్పుకోవడమే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

మన దగ్గర అలాంటివి దించాలని ఎవరైనా అంటే ముందు నేను వద్దంటాను. మన నీళ్ళు అంత తేటగా ఉండవు, కెరటం కొట్టుడు ఎక్కువ, పైగా వలలు తిరిగే చోటు. ఊళ్ళో మనుషుల ముఖాలతో బొమ్మ చెయ్యడం మాత్రం జాలారిపేటలోనూ చెయ్యొచ్చు.

ఊలు పగడాల సంగతి నీకు ఇంకా దగ్గరిది. మార్గరెట్ వర్తైమ్, క్రిస్టీన్ వర్తైమ్ అని అక్కచెల్లెళ్ళు. ఆస్ట్రేలియాలో, గ్రేట్ బారియర్ రీఫ్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో పుట్టారు. 2005లో అమెరికాలో, వాళ్ళింట్లోనే ఇది మొదలుపెట్టారు. దీని వెనక లెక్కలున్నాయి. 1997లో డైనా టైమినా అనే లెక్కల టీచరమ్మ, ప్రతి ఇన్ని కుట్లకి ఒక కుట్టు చొప్పున పెంచుకుంటూ పోతే అంచు దానంతటదే కుచ్చిళ్ళు కుచ్చిళ్ళుగా ముడుచుకుంటుందని క్రోషేతో చేసి చూపించింది. కొన్ని పగడాలూ, కొన్ని సముద్రపు నాచులూ పెరిగేది ఆ తీరులోనే. వేడెక్కిన నీళ్ళలో తెల్లబోతున్న పగడాల కోసం ఎన్నో దేశాల్లో వేలమంది ఆడవాళ్ళు కూర్చుని అల్లారు. మీ అమ్మమ్మ టీవీ మీద గుడ్డ అల్లిన క్రోషే సూది మీ ఇంట్లో ఎక్కడో ఉండాలి, వెతుకు.

ఇక మనకి ఊలెందుకు? ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళు. చిరిగిన నైలాన్ వలలు కుప్పలుగా పడి ఉంటాయి. వల బాగుచేసే వాళ్ళ పక్కన ఒక పూట కూర్చో. వల అల్లే సూది ఎలా తిరుగుతుందో, కన్ను సైజు తప్పకుండా వేళ్ళు ఎలా కొలుస్తాయో చూడు. నేర్పమని అడుగు, నేర్పుతారు. ఊరికే ఫొటో తీసుకుని రాకు. తెచ్చుకున్న వల ముక్కని మూడు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చు. ఉప్పు పూర్తిగా దిగకపోతే వానాకాలంలో చెమ్మ పట్టి నువ్వు వేసిన రంగంతా పొరలు పొరలుగా లేచిపోతుంది. వాసన మాత్రం పది రోజులు ఉంటుంది, ఓర్చుకో.

ఇప్పుడు తాబేలు సంగతి. ఇది కాస్త వివరంగా రాస్తాను.

నువ్వు వేసి పంపిన తాబేలు అందంగా ఉంది, కానీ మన తాబేలు కాదు. డిప్ప మీద నడుమ వరసకి అటూ ఇటూ నాలుగేసి పలకలు వేశావు. అది పచ్చ తాబేలుకి ఉంటుంది. మన ఒడ్డుకి గుడ్లు పెట్టడానికి వచ్చేది ఆలివ్ రిడ్లీ. దానికి పక్క పలకలు మామూలుగా ఆరు జతల నుంచి తొమ్మిది దాకా ఉంటాయి, ఒక్కోసారి రెండు వైపులా లెక్క సమానంగా కూడా ఉండదు. డిప్ప పైనుంచి చూస్తే ఇంచుమించు గుండె ఆకారం. నాకూ ఇది పుస్తకంలో తెలియలేదు. ఒక జనవరి పొద్దున ఇక్కడి ఇసుకలో చచ్చి పడున్న తాబేలు పక్కన కూర్చుని బొమ్మ గీస్తూ లెక్కపెట్టాను. ఎడమవైపు ఆరు, కుడివైపు ఏడు. డిప్ప వెనక భాగాన గోరంత బార్నకిల్స్, అంటే అతుక్కుని బతికే పెంకు జీవాలు, గుంపుగా ఉన్నాయి. కళ్ళు మూసుకుపోయి, చుట్టూ ఉప్పు తెల్లగా ఆరింది. ఒంటి మీద ఎక్కడా గాయం లేదు. పక్కన నిలబడ్డ జాలరి అన్నాడు, "ఊపిరాడక పోయిందమ్మా". తాబేలు చేప కాదు, గాలి కోసం పైకి రావాలి. మరబోటు లాగే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలోనే పోతుంది.

ఆ మాట చెప్పినవాడు కూడా సముద్రం మీదే బతికేవాడు. అందుకే నీకు గట్టిగా చెబుతున్నాను, మత్స్యకారుల్ని దోషులుగా చూపించే బొమ్మ వెయ్యకు. తాబేలుని కూర్మావతారమని దణ్ణం పెట్టుకుని, వల కోసి మరీ వదిలేసేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. కూర్మనాథుడి గుడి ఉన్న శ్రీకూర్మం మనకి ఎంత దూరం గనక! తాబేలు తప్పించుకునే దారి ఉన్న వలలున్నాయి, వాటి వల్ల రొయ్య కొంత జారిపోతుందనే భయమూ వాళ్ళకి ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపి, ఒడ్డున పడవలు లాక్కుని కూర్చునేదీ వాళ్ళే. ఈ రెండు వైపులూ తెలియకుండా వేసిన పర్యావరణం బొమ్మ నా దృష్టిలో సగం బొమ్మ.

ఆర్కే బీచ్ దగ్గరా మరికొన్ని చోట్లా అటవీశాఖ వాళ్ళు గుడ్లు తెచ్చి హేచరీల్లో పూడుస్తారు. గూటికి వందకి అటూ ఇటూగా గుడ్లు ఉంటాయి. ఇంచుమించు యాభై రోజులకి పిల్లలు బయటికొస్తాయి, అరచేతిలో రెండు పట్టేంత, బొగ్గు రంగులో. వదిలే రోజు కనుక్కుని వెళ్ళు. ఫ్లాష్ వెయ్యకు, టార్చి కొట్టకు, వెలుతురుకి దారి తప్పుతాయి. ఆ రోజు గీయకపోయినా ఫరవాలేదు, చూడు చాలు. తడి ఇసుక మీద రెక్కల్లాంటి ఆ కాళ్ళు వదిలే గీతలు చూశావంటే నెల తర్వాతైనా అవి నీ చేతిలోకి వస్తాయి.

నేను చేసిన ఒక తప్పు కూడా నీకు తెలియాలి. ఒక పర్యావరణ దినోత్సవానికి బీచ్‌లో పెట్టడానికి థర్మోకోల్‌తో ఆరడుగుల తాబేలు చేశాను. సాయంత్రం గాలి లేచింది. ఒక కాలు విరిగింది, తర్వాత డిప్ప పగిలింది. ఆ తెల్లటి పూసలు ఇసుక మీద దొర్లుకుంటూ నీళ్ళలోకి పోతుంటే నేనూ ఇద్దరు పిల్లలూ చీకటి పడేదాకా ఏరాం. ఎన్ని ఏరినా కెరటం నురగలో ఇంకా కనబడుతూనే ఉన్నాయి. తాబేలుని కాపాడమని బోర్డు రాసి, తాబేలు తిని చచ్చే వస్తువుని నా చేతులతో సముద్రంలో కలిపాను. ఆ రాత్రి అన్నం తినలేకపోయాను. ఆ తర్వాత ఏ పనికైనా ముందు ఒకటే ఆలోచిస్తాను, గాలొస్తే ఇది ఏమవుతుంది, వానొస్తే ఏమవుతుంది.

పూరీలో సుదర్శన్ పట్నాయక్‌ని చూడు. 2014లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకి కావలసింది ఇసుక, నీళ్ళు. బొమ్మ అయిపోతే ఒడ్డు ఒడ్డులాగే ఉంటుంది. మన ఇసుకకి ఇంకో అదృష్టం ఉంది, రంగులు. భీమిలి వైపు నీళ్ళు వెనక్కి తగ్గాక నల్లటి చారలు కనిపిస్తాయే, అది ఇల్మనైట్ అనే ఖనిజం. కెంపు ఛాయలో మెరిసేది గార్నెట్. చీపురు పుల్లతో ఆ రెంటినీ పక్కకి జరుపుతూ ఒడ్డు మీదే గీయి. సంచుల్లో ఇంటికి మోసుకు రాకు.

నీలం కావాలంటే ఒక దారి చెబుతాను. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద కెరటం అందరికీ తెలుసు, ఆ కెరటం కింద పడవల్లో వంగి పట్టుకున్న మనుషుల్ని చాలామంది చూడరు. ఆ బొమ్మలో వాడిన ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం అప్పట్లో బయటి దేశం నుంచి వచ్చిన రంగు. 1843లో ఇంగ్లండులో ఆనా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుని రసాయనం పూసిన కాగితం మీద పెట్టి, ఎండలో ఉంచి, నీళ్ళలో కడిగి పుస్తకం చేసింది. తెల్లటి నాచు, చుట్టూ నీలం. అదీ ప్రష్యన్ బ్లూనే. సయనోటైప్ అంటారు, మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగితే మందు ఎలా కలపాలో చెబుతారు. మన ఎండకి నిమిషాల్లో తేలుతుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచు మాత్రమే తీసుకో, రాయికి అంటుకున్నది పీకకు. కడిగిన నీళ్ళు సముద్రంలో పొయ్యకు.

పగడపు దిబ్బల ముక్కలు, విసనకర్రలా విచ్చుకునే సీ ఫ్యాన్లు ఎవరైనా అమ్మజూపినా కొనకు. చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. గవ్వలో పీత ఉందేమో చూడకుండా జేబులో వేసుకోకు.

ఇక నువ్వు రేపే మొదలుపెట్టగలిగిన పని. ఒక చోటు ఎంచుకో. తెన్నేటి పార్కు కింద రాళ్ళు కావచ్చు, యారాడ కావచ్చు, మంగమారిపేట కావచ్చు. వారానికోసారి అదే గంటకి అక్కడికెళ్ళి, పోస్టుకార్డంత కాగితం మీద నీళ్ళ రంగు ఒక్కటే వెయ్యి. తేదీ రాయి. బొమ్మ వద్దు, రంగు చాలు. గోస్తని నది కలిసే చోట వానల్లో ఎర్రమట్టి నీళ్ళు సముద్రంలోకి ఎంత దూరం చొచ్చుకుపోతాయో, ఫాల్గుణంలో అదే నీరు ఎంత ఆకుపచ్చగా తేరుకుంటుందో నా దగ్గరున్న పాత కార్డుల్లో ఉంది. వాటిలో నీలం అనదగ్గవి ఎంత తక్కువో చూస్తే ఆశ్చర్యపోతావు. ఆ కార్డుల తర్వాతే నేను వేసిన సముద్రాన్ని మా వీధిలో చేపలమ్మేవాళ్ళు గుర్తుపట్టారు.

రాళ్ళ మీదకి వెళ్ళినప్పుడు కెరటానికి వీపు పెట్టకు. ఒంటరిగా అసలు వెళ్ళకు. యారాడలో నీళ్ళలోకి దిగకు. ఇందులో మాత్రం నాతో వాదించకు.

అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా వెనక్కి తగ్గుతాయి, రాళ్ళ గుంటల్లో మామూలప్పుడు కనబడనివి కనబడతాయి. వచ్చే పౌర్ణమికి ఇక్కడికి రా. నీళ్ళు వెనక్కి తగ్గే పాటు ఏ వేళకో మన వీధి చివర తెప్ప మనిషిని అడిగి ముందురోజు ఫోన్ చేస్తాను. నా పాత కార్డులు ఇనప్పెట్టెలోంచి తీసి ఆరబెట్టి ఉంచాను. పాత కాటన్ చీర ఒకటి, కాగితాలు, కాలికి జారని చెప్పులు తెచ్చుకో. మీ అమ్మకి కోనాం ముక్కలు పంపుతాను, మర్చిపోకుండా టిఫిన్ క్యారేజీ తీసుకురా.

ఇట్లు,
మీ అత్త