బోటు ధర సరే, దాన్ని లాగే బండి మాటేమిటి?

ప్రశ్న: మేము డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. నేను హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదమైంది, కార్డు ఇంకా రాలేదు. నా భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. పిల్లలకు పదకొండు, ఏడేళ్లు. ఏటా వేసవిలో కోనసీమ నుంచి అమ్మానాన్నలు వస్తారు. అందరం కలిసి సరస్సులో తిరగడానికి పాత బోటు కొనాలని 15,000 డాలర్లు పక్కన పెట్టాం. 2009 నాటి 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు ట్రైలర్‌తో సహా 14,500కు వస్తోంది. మా టయోటా హైల్యాండర్ హైబ్రిడ్ దాన్ని లాగుతుందని అమ్మే ఆయన అంటున్నారు. లేదంటే లోన్ మీద పికప్ ట్రక్కు తీసుకోవాలా? అత్యవసర నిధి నాలుగు నెలల ఖర్చులకు సరిపడా ఉంది.

జవాబు: ఆ బోటు కొనకండి. అది మంచిదో కాదో చూడకుండానే ఈ మాట చెప్పగలను, ఎందుకంటే మీ బండి పరిమితికి అది లోబడదు.

హైల్యాండర్ హైబ్రిడ్ లాగగలిగే బరువు 3,500 పౌండ్లు. అదే పేరున్న పెట్రోలు బండికి తగిన ఏర్పాట్లు ఉంటే 5,000. అమ్మే ఆయన బహుశా ఆ అంకె చూసి చెప్పి ఉంటారు. ప్రకటనల్లో రాసే బరువు ఖాళీ బోటుది. 20 అడుగుల ఫైబర్‌గ్లాస్ బోటు ఇంజిన్‌తో కలిపి దాదాపు 3,000 పౌండ్లు తూగుతుంది. ట్రైలర్ మరో 900. ట్యాంకులో 35 గ్యాలన్ల పెట్రోలు పోస్తే, గ్యాలన్ ఆరు పౌండ్ల లెక్కన 210. లంగరు, బ్యాటరీ, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టె, మీ అమ్మగారు కట్టిచ్చే పులిహోర డబ్బా అన్నీ కలిపి 250. మొత్తం 4,360 పౌండ్లు. బండి కదులుతుంది, సందేహం లేదు. ఎదుటి కారు హఠాత్తుగా ఆగినప్పుడు వెనకనున్న రెండు టన్నుల బరువు మిమ్మల్ని ముందుకు నెడుతుంది. కారులో పిల్లలుంటారు. ఈ విషయంలో నేను ఏ మాత్రం సర్దుబాటుకు ఒప్పుకోను.

ఇక ట్రక్కు ఆలోచన. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లి పాల కోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి కథ మనందరికీ తెలిసిందే. ట్రక్కు 45,000 డాలర్లు అనుకుంటే, నెలకు రెండు రోజులు నీళ్లలో తిరగడానికి మీరు పెట్టే ఖర్చు 14,500 కాదు, వడ్డీ కాకుండానే 59,500. బోటును బండికి తగ్గట్టు ఎంచుకోవాలి.

అంతకంటే ముందు మీ వీసా సంగతి ఆలోచించాలి. ఉద్యోగం పోతే హెచ్-1బి వారికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా కొత్త ఉద్యోగం చూసుకోవాలి, లేదా వేరే వీసాకు మారాలి, కాదంటే సామాను సర్దుకోవాలి. పాత బోటు ఏప్రిల్‌లో అయితే త్వరగా అమ్ముడవుతుంది. నవంబరు చలిలో ఎవరు కొంటారు? ఒక్క జీతం మీద నడిచే ఇంటికి, అందులోనూ వీసా మీద ఉన్నవారికి, నాలుగు నెలల నిధి చాలదు. ఎనిమిది నెలలకు పెంచండి. మీ 15,000 ముందుగా అక్కడికే వెళ్లాలి. అది నిండాక బోటు డబ్బు మళ్లీ కూడబెట్టండి. ఆలస్యమవుతుందని మీకు బాధ కలుగుతుందని తెలుసు. అయినా ఇది వాయిదాయే, వద్దనడం కాదు.

అప్పు మాత్రం చేయవద్దు. పాత బోట్లకు పది పదిహేనేళ్ల లోన్లు ఇస్తామనేవారు ఉంటారు, వాయిదా చిన్నదిగా కనిపిస్తుంది, అప్పు తీరేలోపే బోటు తీరిపోతుంది. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చే డబ్బు జోలికి అసలు పోకండి. బోటు లోన్ వడ్డీని రెండో ఇంటి కింద పన్నులో చూపవచ్చని ఎవరైనా చెప్తే, దానికి బోటులో పడక, వంట చోటు, మరుగుదొడ్డి ఉండాలని గుర్తు చేయండి. మీరు కొనేదానికి అవేమీ ఉండవు.

మొత్తం బడ్జెట్ 15,000 అయితే బోటుకు, ట్రైలర్‌కు కలిపి 10,000 దాటవద్దు. నేను వేసే లెక్క ఇది. టెక్సాస్‌లో అమ్మకం పన్ను 6.25 శాతం, అంటే 625. బండికి హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం), వైరింగు 600. ట్రైలర్ టైర్లు, చక్రాల బేరింగులు 500. కొనేముందు మెకానిక్‌తో తనిఖీ 400. ఆరుగురికి లైఫ్ జాకెట్లు 300. బీమా 300. లంగరు, తాళ్లు, బ్యాటరీ, మంటలార్పే సిలిండరు 300. మొదటి సర్వీసు 400. ఇక చాలామంది మరచిపోయేది, పెట్టుకునే చోటు. ఫ్రిస్కో చుట్టుపక్కల చాలా కాలనీల సంఘాలు ఇంటి ముందు బోటు నిలపనివ్వవు. నెలకు 110 చొప్పున బయట అద్దెకు పెడితే ఏడాదికి 1,320. ఇవన్నీ కలిపితే 4,745. రిజిస్ట్రేషన్ రుసుములు, పెట్రోలు వేరు.

బీమా గురించి ఒక మాట. టెక్సాస్‌లో బోటుకు బీమా తప్పనిసరి కాదు, మీరు మాత్రం తీసుకోండి. ఇంటి బీమా ఉందిలే అనుకోవద్దు, అందులో బోటుకూ ట్రైలర్‌కూ కలిపి సాధారణంగా 1,500 డాలర్ల వరకే ఇస్తారు. బోటు పోవడం కంటే, మీ బోటు తగిలి ఈదే మనిషి గాయపడటం వందరెట్లు పెద్ద ఖర్చు. ఇలా ఇతరులకు జరిగే నష్టాన్ని భరించే బాధ్యత బీమా కనీసం మూడు లక్షల డాలర్లకు ఉండాలి.

ఇంతకీ ఏ బోటు? మీ కుటుంబానికి నేను సూచించేది 18 అడుగుల పాంటూన్, అంటే అల్యూమినియం గొట్టాల మీద తేలే బోటు; వెనక బయటివైపు తగిలించే 50 లేదా 60 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్. మీకిది కొత్తది కాదు. కోటిపల్లి రేవులో ముక్తేశ్వరానికి మనుషుల్నీ బళ్లనూ దాటించే పంటును చూస్తూ పెరిగినవారు మీరు, ఇదీ ఆ జాతిదే. నేల చదునుగా ఉంటుంది, చుట్టూ కటకటాలుంటాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు రేవు బల్ల మీది నుంచి మెట్టు దిగే పని లేకుండా నడిచి ఎక్కవచ్చు. బోటు 1,500 పౌండ్లు, ఇంజిన్ 260, ట్రైలర్ 800, పెట్రోలు, సామాను కలిపి 360. మొత్తం 2,920 పౌండ్లు. ఎత్తుగా ఉంటుంది కాబట్టి రోడ్డు మీద గాలి వాటు ఎక్కువ. నెమ్మదిగా నడపాలి. టెక్సోమా వంటి పెద్ద సరస్సులో గాలి లేచిన రోజున దూరం పోవద్దు.

ఔట్‌బోర్డ్ అని పట్టుబట్టడానికి కారణముంది. ఇంజిన్ బోటు లోపల ఉండే రకాల్లో సరస్సు నీరే లోపల తిరిగి చల్లబరుస్తుంది. చలికాలంలో ఆ నీటిని పూర్తిగా తీయకపోతే గడ్డకట్టి ఇంజిన్ దిమ్మ పగులుతుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపాను టెక్సాస్‌ను గడ్డకట్టించినప్పటి చలిని మరచిపోలేం. ఔట్‌బోర్డ్‌ను నిటారుగా దించి ఉంచితే నీరు దానంతట అదే కారిపోతుంది.

మూడేళ్ల క్రితం నా సలహా తీసుకునే ఒక కుటుంబంతో బోటు చూడటానికి వెళ్లాను. పైకి రంగు అద్దంలా మెరుస్తోంది. మెకానిక్ ఇంజిన్ అడుగున ఉన్న గేరు పెట్టె మర వదులు చేశాడు. చిక్కటి నూనె రావలసిన చోట పాలు ఎక్కువైన టీ రంగు ద్రవం అతని వేళ్ల మీదుగా కారింది. సీలు పోయి లోపలికి నీరు చేరిందన్నమాట. వెనక సీటు దగ్గర మడమతో నొక్కి చూస్తే నేల మెత్తగా దిగబడింది, కింద చెక్క కుళ్లిపోయింది. పది నిమిషాల పని వారికి వేల డాలర్లు మిగిల్చింది. మీరూ ఆ రెండూ చూడండి. పాంటూన్‌లో అయితే అల్యూమినియం గొట్టాల మీద సొట్టలు, అతుకులు కూడా. నీళ్లలో దించినప్పుడు ఒక పక్కకు ఒరిగితే గొట్టంలో నీరున్నట్టే. ఇంజిన్ సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించండి, ఒకదానికొకటి పది శాతానికి మించి తేడా ఉండకూడదు. ట్రైలర్ టైరు మీద చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి.

కాగితాలు మూడు రకాలు. బోటుకు, ఔట్‌బోర్డ్ ఇంజిన్‌కు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ విడివిడిగా టైటిల్ (యాజమాన్య పత్రం) ఇస్తుంది. ట్రైలర్ కాగితాల పని కౌంటీ పన్నుల కార్యాలయంలో. మూడింటిలోనూ అమ్మేవారి పేరే ఉండాలి, అప్పు నమోదై ఉండకూడదు, బోటు వెనక కుడివైపు చెక్కిన 12 అక్షరాల నంబరు టైటిల్‌తో కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా డబ్బు ఇవ్వకండి.

కొనకుండా బోటు అద్దెకు తీసుకునే సంగతి చివరికి ఉంచాను, మీ నిర్ణయం దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి. చోటు, బీమా, సర్వీసు, ఏటా తగ్గే విలువ ఒక 800 కలిపితే, బోటు కదలకుండా నిలబడినా ఏడాదికి 2,820 డాలర్లు. ఒక్కో విహారానికి పెట్రోలు 70. పెట్రోలుతో కలిపి పాంటూన్ పూట అద్దె 350 అనుకుంటే, ఏడాదికి పదకొండుసార్లు వెళ్తేనే సొంత బోటు గిట్టుతుంది. పిల్లల సంగీతం, తెలుగు బడి, జూలై ఎండలు తీసేయగా మీకు పదకొండు శనివారాలు మిగులుతాయా? ఇంట్లో క్యాలెండరు ముందు పెట్టుకుని లెక్కపెట్టండి.

ఈ వేసవిలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు లెవిస్‌విల్ సరస్సులో పాంటూన్ అద్దెకు తీసుకోండి. 13 ఏళ్లలోపు పిల్లలకు బోటు కదులుతున్నంత సేపూ లైఫ్ జాకెట్ తప్పనిసరి, మీ పిల్లలిద్దరికీ వేయండి. ఆన్‌లైన్‌లో బోటు భద్రతా శిక్షణ మీరు, మీ భార్య ముందే పూర్తి చేయండి. వెళ్లిన ప్రతిసారీ తేదీ, ఖర్చు రాసుకోండి. అక్టోబరుకు ఆ పుస్తకంలో పదకొండు తేదీలుండి, అత్యవసర నిధి నిండివుంటే, డిసెంబరులో బేరాలు మొదలుపెట్టండి. అప్పుడు అమ్మేవారు ఎక్కువ, కొనేవారు తక్కువ.