తెలుపు ఇస్తే పసుపు, చివరి లైట్లలో మినుకు: డీఎంఎక్స్ పార్ లైట్లలో ఏం సరిచూడాలి

ప్రశ్న: ఎనిమిది ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపే) పార్ లైట్లు, అంటే వేదిక మీద వాడే రంగుల లైట్లు. ఒక యూఎస్‌బీ డీఎంఎక్స్ డాంగిల్ (ల్యాప్‌టాప్ నుంచి లైట్లకు డీఎంఎక్స్ అనే నియంత్రణ సిగ్నల్ పంపే చిన్న పరికరం), ల్యాప్‌టాప్‌లో లైట్లను పాటతో కలిపి నడిపే ఎక్స్‌లైట్స్ సాఫ్ట్‌వేర్. లైట్లు 7 ఛానెళ్ల మోడ్‌లో (ఒక్కో లైట్ 7 విలువలు తీసుకునేలా) ఉన్నాయి, అడ్రస్‌లు (ఒక్కో లైట్ మొదటి ఛానెల్ నంబర్లు) 1, 8, 15 ఇలా పెట్టాను. పాటకు తగ్గట్టు రంగులు మారాలి. తెలుపు ఇస్తే పసుపు వస్తోంది, ఎరుపు ఇస్తే అసలు వెలగడం లేదు. చివరి రెండు లైట్లు మినుకుమినుకుమంటున్నాయి. లోపం ఎక్కడ?

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. ఒకదాన్ని సరిచేస్తే రెండోది పోదు. రంగుల తేడా ఛానెళ్ల లెక్కలో ఉంది, మినుకు వైరింగ్‌లో ఉంది.

ముందు రంగులు. 7 ఛానెళ్ల పార్ లైట్లలో ఎక్కువగా కనిపించే వరస ఇది: 1 మొత్తం డిమ్మర్ (లైట్ వెలుగు స్థాయి), 2 ఎరుపు, 3 ఆకుపచ్చ, 4 నీలం, 5 స్ట్రోబ్ (వేగంగా వెలిగి ఆరడం), 6 రంగుల మాక్రో (లైట్‌లోనే ముందే ఉండే రంగుల వరస), 7 వేగం. మీ సాఫ్ట్‌వేరేమో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మొదటి ఛానెల్ నుంచే మొదలవుతాయని అనుకుంటోంది. అందుకే సాఫ్ట్‌వేర్ పంపే ఎరుపు డిమ్మర్‌కి, ఆకుపచ్చ ఎరుపుకి, నీలం ఆకుపచ్చకి పోతున్నాయి. తెలుపు పంపితే డిమ్మర్, ఎరుపు, ఆకుపచ్చ వెలుగుతాయి, అంటే పసుపు. ఎరుపు మాత్రమే పంపితే డిమ్మర్ తెరుచుకుంటుంది కానీ రంగేదీ ఉండదు, కాబట్టి చీకటి. ఒకసారి పసుపు పంపి చూడండి. ఎరుపు వస్తే నిర్ధారణ అయినట్టే.

మీ లైట్ మెనూలో 3 ఛానెళ్ల మోడ్ ఉంటే దానికి మార్చడమే అన్నిటికన్నా సులువు. అప్పుడు అడ్రస్‌లు 1, 4, 7, 10 అలా మూడేసి పెరుగుతాయి. ఆ మోడ్ లేకపోతే అడ్రస్‌లు కదపకండి. 1, 8, 15, 22, 29, 36, 43, 50 సరైనవే. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఆర్‌జీబీ మోడల్‌ని (ఎక్స్‌లైట్స్‌లో ఒక్కో లైట్‌కి బదులుగా ఉండేది) ఒక ఛానెల్ ముందుకు జరపండి: 2, 9, 16, 23, 30, 37, 44, 51. ప్రతి లైట్ డిమ్మర్‌కి ఒక్క ఛానెల్‌తో విడిగా మోడల్ చేసి, పాట పొడవునా ఆన్ ఎఫెక్ట్‌తో 255 (గరిష్ఠ విలువ) దగ్గర ఉంచండి. ప్రతి లైట్‌లోని 5, 6, 7 ఛానెళ్లకు ఏ మోడలూ తగలకూడదు, అవి 0లోనే ఉండాలి. మాక్రో ఛానెల్‌కి పొరపాటున విలువ వెళ్తే లైట్ తన సొంత రంగులు మార్చుకోవడం మొదలుపెడుతుంది, మీరు పంపే రంగులను పట్టించుకోదు. ఛానెళ్ల వరస కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి లైట్‌తో వచ్చిన కాగితంలో పట్టిక చూసే మొదలుపెట్టండి.

అడ్రస్ డిప్ స్విచ్‌లతో (లైట్ మీద వరసగా ఉండే చిన్న స్విచ్‌లు) పెట్టే రకమైతే స్విచ్‌ల విలువలు 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256. ఆన్‌లో ఉన్నవాటి మొత్తమే అడ్రస్. 22 కావాలంటే 16, 4, 2 కలపాలి: 5, 3, 2 నంబర్ల స్విచ్‌లు ఆన్. పదో స్విచ్ సాధారణంగా మోడ్‌ని మారుస్తుంది, అది తప్పుగా ఉంటే అడ్రస్ ఎంత సరిగ్గా పెట్టినా ఫలితం ఉండదు.

ఇక మినుకు సంగతి. మొదటి లైట్లు బాగుండి చివరివి మాత్రమే ఆడుతున్నాయంటే ముందుగా అనుమానించాల్సింది టెర్మినేటర్ (లైన్ చివర పెట్టే రెసిస్టర్) లేకపోవడాన్ని. డీఎంఎక్స్ అంటే ఆర్‌ఎస్-485 (రెండు తీగల మీద డేటా పంపే పద్ధతి) లైన్ మీద సెకనుకు 2,50,000 బిట్లు నడిచే సిగ్నల్. లైన్ చివర ఏమీ లేకపోతే సిగ్నల్ అక్కడ తగిలి వెనక్కి వస్తుంది, వెనక వచ్చే బిట్లతో కలిసి వాటిని చెడగొడుతుంది. 120 ఓమ్, పావు వాట్ రెసిస్టర్‌ని ఒక మగ ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్‌ల) ప్లగ్‌లో 2, 3 పిన్‌ల మధ్య టంకం వేసి, చివరి లైట్ అవుట్ సాకెట్‌లో పెట్టండి. ఇది లేకుండా కూడా చిన్న లైన్లు పనిచేస్తాయని చాలామంది వదిలేస్తారు. కేబుల్ ఇంకాస్త పెరిగిన రోజున తేడా వస్తుంది. ఇంత చిన్న భాగాన్ని వదిలేయడానికి నాకైతే ఏ కారణమూ కనిపించదు.

లైన్ డాంగిల్ నుంచి మొదటి లైట్‌కి, అక్కడి నుంచి రెండో దానికి, అలా వరసగా పోవాలి. మధ్యలో వై ఆకారంలో చీల్చకూడదు. రెండు వైపులకు తీసుకెళ్లాలంటే ఆప్టో ఐసోలేటెడ్ స్ప్లిటర్ (సిగ్నల్‌ని విద్యుత్‌పరంగా విడదీసి పంచే పెట్టె) వాడాలి. ఒక లైన్ మీద 32 లైట్లు దాటినా అదే దారి. పిన్‌లు: 1 కామన్, 2 డేటా మైనస్, 3 డేటా ప్లస్. 2, 3 తారుమారైతే ఆ కేబుల్ తర్వాతి లైట్లు మాట వినవు. మైక్ కేబుల్ అదే ప్లగ్‌తో వచ్చినా లోపలి తీగ ఈ వేగానికి తయారైనది కాదు. 120 ఓమ్ డీఎంఎక్స్ కేబుల్ తీసుకోండి. అది దొరక్కపోతే క్యాట్5 కేబుల్‌లో ఒక జత డేటాకి, ఇంకో జతలోని తీగ కామన్‌కి వాడుకోవచ్చు. డేటా రెండు తీగలూ ఒకే జతలోవి కావాలి, లేకపోతే మెలిక వల్ల వచ్చే రక్షణ పోతుంది.

కేబుల్ పరీక్షకి మల్టీమీటర్ చాలు. చివర టెర్మినేటర్ ఉంచి, లైట్లకు కరెంటు తీసేసి, డాంగిల్ దగ్గర కేబుల్ ఊడదీసి, ఆ చివర 2, 3 పిన్‌ల మధ్య కొలవండి. 120 ఓమ్‌లకి దగ్గరగా లేదా కాస్త తక్కువగా వస్తే లైన్ బాగుంది. అసలు రీడింగ్ లేకపోతే ఎక్కడో తెగింది. 0 దగ్గర ఉంటే షార్ట్. 60 వస్తే ఎవరో మధ్యలో ఇంకో టెర్మినేటర్ పెట్టారు.

మినుకు అన్ని లైట్లలోనూ ఒకేసారి వస్తే మాత్రం డాంగిల్‌ని చూడండి. లోపల మైక్రోకంట్రోలర్ లేని ఓపెన్ డీఎంఎక్స్ రకం డాంగిల్‌లో సిగ్నల్ సమయాలన్నీ కంప్యూటరే పాటించాలి. ల్యాప్‌టాప్ వేరే పనిలో పడితే ఆ సమయాలు తప్పుతాయి. ప్రో రకం డాంగిల్ చివరి ఫ్రేమ్‌ని (అన్ని ఛానెళ్ల విలువల ఒక విడత) తన దగ్గరే ఉంచుకుని తానే మళ్లీ మళ్లీ పంపుతుంది. పాటతో కలిపి నడిపే ప్రదర్శనకి ప్రో రకం, అదీ ఐసోలేషన్ (ల్యాప్‌టాప్, లైట్ల వైపులు విద్యుత్‌పరంగా వేరుగా ఉండటం) ఉన్నది తీసుకోమనే చెబుతాను. ఎక్స్‌లైట్స్ కంట్రోలర్ పేజీలో మీ దగ్గరున్న రకాన్నే ఎంచుకోవాలి, రెండింటి ప్రోటోకాల్ వేరు. డాంగిల్ వాడే కామ్ పోర్ట్‌ని ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటే ఎక్స్‌లైట్స్‌కి అది తెరుచుకోదు.

సీక్వెన్స్‌ని (పాటతో నడిచే లైట్ల కార్యక్రమం) 50 మిల్లీసెకన్ల ఫ్రేమ్‌తో మొదలుపెట్టండి. 512 ఛానెళ్ల నిండు ఫ్రేమ్ లైన్ మీద పోవడానికి దాదాపు 23 మిల్లీసెకన్లు పడుతుంది, కాబట్టి 25 కంటే తక్కువ పెట్టి లాభం లేదు.

రంగులు సరిపోయాక ఫేడ్‌లు (వెలుగు మెల్లగా పెరగడం, తగ్గడం) చూడండి. 128 అంటే కంటికి సగం వెలుగు కాదు, చాలా ఎక్కువ. మోడల్ డిమ్మింగ్ కర్వ్‌లో గామా (వెలుగు విలువలను కంటికి తగ్గట్టు మార్చే సంఖ్య) 2.2 పెడితే 128 స్థానంలో దాదాపు 56 వెళ్తుంది, ఫేడ్ మెత్తగా దిగుతుంది. లైట్ మెనూలో ఇప్పటికే డిమ్మర్ కర్వ్ ఉంటే రెండింటిలో ఒకటే ఉంచండి. పసుపు కోసం ఎరుపు 255, ఆకుపచ్చ 255 ఇస్తే నిమ్మకాయ రంగులోకి పోతుంది. ఆకుపచ్చని 150 దగ్గర మొదలుపెట్టి కంటితో సరిచూసుకోండి.

లైట్లు ఆరుబయట ఉంటే ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు తట్టుకునే) రకమే వాడండి, సరఫరాకి 30 మిల్లీఆంపియర్ ఆర్‌సీడీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఉండాలి. ప్లగ్‌ల కంటే కేబుల్ కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి, నీళ్లు తీగ వెంబడి ప్లగ్‌లోకి పోకుండా కింది వంపులోనే రాలిపోతాయి. చివరగా మెనూలో సిగ్నల్ పోయినప్పుడు ఏం చేయాలో అడిగే సెట్టింగ్ ఉంటే బ్లాకవుట్ (లైట్ ఆరిపోవడం) పెట్టండి. ఆటో మోడ్‌లో ఉంచితే ల్యాప్‌టాప్ ఆపగానే ఎనిమిది లైట్లూ సొంతంగా రంగులు మార్చుకుంటూ తిరుగుతాయి.